గుమ్మిగూడ నుంచి జవాబు వచ్చింది

ఈ కథలో తెలివితక్కువవాడు ఎవరో చివరిదాకా దాచిపెట్టే ఉద్దేశం నాకు లేదు. నేనే. పేరు బెహరా ఉమాపతి, హోదా డిప్యూటీ ఇంజనీరు, సాఫ్ట్‌వేర్ విభాగం, నదీమట్టాల సమాచార సంస్థ, మూడో అంతస్తు, విశాఖపట్నం. సర్వీసు ఇరవై రెండేళ్లు. మిగతావాళ్లు కూడా తమ వంతు తెలివితక్కువతనాన్ని శక్తివంచన లేకుండా ప్రదర్శించారు గాని, ఆరంభం మాత్రం నాది. ఆ గౌరవం ఇంకొకరికి పోనివ్వను.

మా సంస్థ పని చిన్నదే. ఒక నది, దాని ఉపనదులు, వాటి ఒడ్డున రెండు వందల పద్నాలుగు కేంద్రాలు. నది పేరు చెప్పను, ఆమె మీద ఇప్పటికే ఒక ఫైలు నడుస్తోంది. ప్రతి కేంద్రంలో ఒక గేజి రీడరు ఉంటారు. ఏటిలో పాతిన కొలబద్ద మీద నీరు ఎంతవరకు వచ్చిందో పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం చూసి, ఆ అంకెను అక్కడున్న యంత్రంలో నొక్కుతారు. యంత్రం దాన్ని మాకు పంపుతుంది. మేం భద్రపరుస్తాం.

యంత్రాలు పనిచేస్తున్నాయో లేదో చూడటానికి నేను తొమ్మిదేళ్ల కిందట ఒక ప్రోగ్రాము రాశాను. దాని పేరు 'పలకరింపు'. పది నిమిషాలకోసారి అది ప్రతి యంత్రాన్నీ నెట్‌వర్క్ మీద పలకరిస్తుంది. యంత్రం పలికితే కంట్రోల్ రూమ్ గోడ మీద పచ్చ బల్బు, పలక్కపోతే ఎర్ర బల్బు. ఎర్ర బల్బు వెలిగిన చోటికి మెకానిక్ జీపు వేసుకుని వెళ్లి బాగు చేసి వస్తాడు. ఏ రోజు చూసినా ముప్ఫై దాకా ఎర్ర బల్బులు ఉండేవి. అడవులు, వానలు, కోతులు. అదంతా మామూలే అనుకునేవాళ్లం.

అంతా బాగానే నడుస్తుండగా మా డైరెక్టర్ పంచాక్షరి గారు ఢిల్లీలో ఒక సదస్సుకు వెళ్లి వచ్చారు. ఆయన సదస్సుకు వెళ్లి వచ్చిన ప్రతిసారీ మాకు ఒక కొత్త జబ్బు పట్టుకుంటుంది. పోయినేడు పారదర్శకత. అన్ని గదుల తలుపులూ ఊడదీయించారు. ఈసారి స్వావలంబన. మర్నాడే సర్క్యులర్ వచ్చింది.

'సంస్థ నందు వినియోగించబడుచున్న సమస్త వ్యవస్థల యందును గల పరాధీనతలను గుర్తించి, లెక్కించి, నిర్మూలించి, సదరు నిర్మూలనను ప్రతి మాసాంతమున నివేదించవలయును.'

పరాధీనత అంటే ఏమిటో చెప్పే పేరా అందులో లేదు. కాబట్టి ఎవరికి తోచింది వాళ్లు లెక్కపెట్టారు. ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ వాళ్లు 'లేవు' అని ఒక్క ముక్క రాసి ఆ నెల మొదటి బహుమతి కొట్టేశారు. క్యాంటీన్ నడిపే ఆవిడ నిజాయితీకి పోయి రెండు చూపించింది: పాలు, గ్యాసు. డైరెక్టర్ గారు ఆ కాగితం అంచున 'ప్రత్యామ్నాయములు అన్వేషించగలరు' అని రాశారు. అప్పటినుంచి మా క్యాంటీన్‌లో పదింటికీ నాలుగింటికీ నిమ్మకాయ నీళ్లు ఇస్తున్నారు. నిమ్మకాయలు ఆఫీసు పెరట్లోవే.

నేను ఒకటి చూపించాను. మీటింగులో డైరెక్టర్ గారు నా కాగితం చేత్తో పట్టుకుని కళ్లజోడు పైకి తోశారు.

"ఉమాపతి గారూ, మీ పలకరింపులో ఒక పరాధీనత ప్రత్యక్షమవుతోంది."

"అవునండి. ఒక లైబ్రరీ వాడుతున్నాం."

లైబ్రరీ అంటే ఇక్కడ పుస్తకాలు కావు. ఎవరో రాసి, పరీక్షించి, అందరికీ ఉచితంగా వదిలిపెట్టిన ప్రోగ్రాము ముక్క. దాన్ని తెచ్చుకుని మన ప్రోగ్రాములో తగిలించుకుంటాం. నెట్‌వర్క్‌లో యంత్రాన్ని పలకరించడం, ఎవరు పలికారో చూడటం, ఆ పలికినదాని అర్థం తేల్చడం, ఇవన్నీ నాకోసం ఆ లైబ్రరీయే చేసేది.

"దాన్ని రాసింది ఎవరు?"

"నార్వేలో ఒకాయన."

"ఆయన మన సంస్థకు జవాబుదారీ వహిస్తారా?"

"మనం ఉన్నామన్న సంగతే ఆయనకు తెలియదండి."

గదిలో కలకలం రేగింది. స్వావలంబన అధికారి భుజంగరావు గారు గుండె మీద చెయ్యి వేసుకున్నారు. ఆ పోస్టు ఆ వారమే పుట్టింది. అంతకుముందు ఆయన స్టోర్స్‌లో ఉండేవారు. "తొమ్మిదేళ్లుగా మన రెండు వందల పద్నాలుగు కేంద్రాల ప్రాణం ఒక అపరిచిత వ్యక్తి హస్తగతమై యున్నదా!" అన్నారు.

అప్పుడు నేను నోరు మూసుకుని కూర్చుంటే ఈ కథ లేదు. ఆ లైబ్రరీ బాగా పనిచేస్తోంది, దాన్ని కదపొద్దు అని చెప్పినా సరిపోయేది. కాని ఇరవై రెండేళ్ల సర్వీసులో మొదటిసారి అందరూ నా వైపు చూస్తున్నారు. ఆ చూపులు తలకెక్కాయి.

"దాన్ని తీసి పారేయొచ్చు సార్," అన్నాను. "ప్రతి కంప్యూటర్‌లోనూ పింగ్ అని ఒక ఆదేశం పుట్టుకతోనే ఉంటుంది. ఫలానా యంత్రం ఉందా అని అడిగితే చాలు, అదే కనుక్కుని వచ్చి చెప్తుంది. ఆ నార్వే ఆయన నాలుగు వేల లైన్లు రాశాడు. నేను ఒక్క లైనులో చేస్తాను."

"ఒక్క లైను!" అన్నారు డైరెక్టర్ గారు. ఆ మాటను ఆయన మూడుసార్లు అన్నారు, మూడోసారి లేచి నిలబడి.

ఆ సాయంత్రమే లైబ్రరీ పీకేసి నా లైను పెట్టాను. అది ఏం చేస్తుందో రెండు మాటల్లో చెప్తాను. కంప్యూటర్‌కు ఆదేశం ఇస్తుంది. కంప్యూటర్ తెచ్చిన సమాధానంలో 'జవాబు వచ్చింది' అన్న ముక్క ఉందా అని వెతుకుతుంది. ఉంటే పచ్చ బల్బు. నా పక్క టేబుల్ మీద ఉన్న కంప్యూటర్‌ను పలకరించి పరీక్షించాను. అది చక్కగా పలికింది. పరీక్ష అయిపోయింది.

మర్నాడు ఉదయం కంట్రోల్ రూమ్ గోడ చూసి ఆపరేటర్ సుగుణ కెవ్వుమంది. రెండు వందల పద్నాలుగు బల్బులూ పచ్చగా వెలుగుతున్నాయి. ఒక్క ఎరుపు లేదు. కోతులు కూడా ఆ రాత్రికి రాత్రి మారిపోయినట్టున్నాయి.

ఏ బుర్ర ఉన్నవాడికైనా ఇక్కడ అనుమానం రావాలి. నాకు రాలేదు. కొత్త పద్ధతి పాతదానికన్నా గట్టిది కాబట్టి, ఇంతకుముందు సరిగా పలకలేకపోయిన యంత్రాలు కూడా ఇప్పుడు ధైర్యంగా పలుకుతున్నాయి అనుకున్నాను. ఇది నేను నాకు చెప్పుకున్న వివరణ. డైరెక్టర్ గారికి ఇంకా గొప్పగా చెప్పాను. ఆయన మెకానిక్‌ను పిలిచి, ఇక ఎర్ర బల్బులు లేవు కాబట్టి జీపు అవసరం లేదన్నారు. జీపు ఒక పరాధీనత కింద తీసేశారు. లెక్కలో ఇంకొకటి తగ్గింది. 'ఒక్క లైను' అన్న శీర్షికతో నా పేరు స్వావలంబన పురస్కారానికి పైకి వెళ్లింది.

జూలై మొదటి వారంలో, నేను నా గోడను చూసుకుని మురుస్తూ కంట్రోల్ రూమ్‌లో నిలబడి ఉండగా ఫోన్ మోగింది. సుగుణ స్పీకర్ నొక్కింది.

"అమ్మా, గుమ్మిగూడ నుంచి దాలమ్మని మాటాడతన్నాను. గేజి సూసీదాన్ని. మొన్న గాలికి తంబం ఇరిగి మిసను మీద పడిపోనాది. అంకెలు ఎల్లట్నేదు. రాసుకోండి, రెండు మీటర్ల పది."

సుగుణ గోడ వైపు చూసింది. గుమ్మిగూడ పచ్చగా ఉంది.

"మీ మిషన్ బాగానే ఉందమ్మా. ఇక్కడ చూపిస్తోంది."

"ముక్కలయి పడుందమ్మా. నాను దాని పక్కనే కూకుని మాటాడతన్నాను."

"ఫోన్‌లో చెప్తే తీసుకోకూడదమ్మా. మిషన్‌లోంచే రావాలి."

అప్పుడు నేను కలగజేసుకున్నాను. పల్లెటూరి మనిషి, యంత్రం అంటే బెదురు, పైగా ఎదురుగా నా గోడ ఉంది. "మీట సరిగ్గా నొక్కడం లేదేమోనమ్మా. గట్టిగా నొక్కు," అన్నాను.

"దేన్ని నొక్కమంటారు బాబూ?" అంది దాలమ్మ.

ఆ ప్రశ్న ఇప్పటికీ అప్పుడప్పుడు వినిపిస్తుంది. అప్పుడు మాత్రం నవ్వుకుని వచ్చేశాను.

యంత్రం బతికే ఉంది, అంకెలు రావడం లేదు. దీన్నుంచి ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ ఒకే ఒక తీర్పుకు రాగలదు, వచ్చింది. 'యంత్రము సజీవముగా నుండి అహర్నిశలు ప్రతిస్పందించుచున్నను, సదరు గేజి రీడరు విధుల యందు ఉదాసీనత వహించి, నీటిమట్టములను నమోదు చేయక...' అని మెమో వెళ్లింది. దాని అడుగున సాంకేతిక ధ్రువీకరణ అన్నచోట సంతకం నాది. పదిహేనేళ్లుగా ఆ ఒడ్డున నీటిని చూస్తున్న మనిషి ఉద్యోగం పోవడానికి ఒక విచారణ మాత్రమే మిగిలింది.

నా కళ్లు తెరిపించింది సుగుణ. అదీ ఆవిడ ఉద్దేశం కాదు.

"సార్, నిన్న రోడ్డు పనివాళ్లు కేబుల్ కోసేశారు కదా. మధ్యాహ్నం రెండు గంటలు మన బిల్డింగ్‌కే నెట్‌వర్క్ లేదు," అంది. "మీ ప్రోగ్రాము భలే ఉంది సార్. అప్పుడు కూడా అన్నీ పచ్చగానే ఉన్నాయి."

నేను నవ్వాను. నవ్వు సగంలో ఆగిపోయింది. సీటుకు వెళ్లి ఆ ఆదేశాన్ని నా చేత్తో టైపు చేశాను, గుమ్మిగూడ యంత్రం కోసం. వచ్చిన సమాధానాన్ని జీవితంలో మొదటిసారి చివరిదాకా చదివాను. జవాబు వచ్చింది. నిజమే. కాని జవాబు ఇచ్చింది గుమ్మిగూడ యంత్రం కాదు, దారిలో మండల కేంద్రంలో ఉన్న మా నెట్‌వర్క్ పెట్టె. అది ఇచ్చిన జవాబు: 'ఆ యంత్రం అందుబాటులో లేదు.'

ఒకరి ఇంటి తలుపు కొట్టాం. పక్కింటావిడ కిటికీలోంచి 'వాళ్లు లేరండీ' అని చెప్పింది. మనం సంతోషంగా 'పలికారు' అని రాసుకుని వచ్చేశాం. నా ఒక్క లైను సారాంశం ఇదే. ఎవరు పలికారు, ఏమని పలికారు అన్నది చూసే బాధ్యత ఆ నార్వే ఆయన నాలుగు వేల లైన్లలో ఎక్కడో ఉండి ఉంటుంది. దాన్ని తీసేశానని చెప్పుకుని నేను చప్పట్లు కొట్టించుకున్నాను.

గుట్టుచప్పుడు కాకుండా సరిచేద్దామని భుజంగరావు గారి దగ్గరకు వెళ్లాను. ఆయన అనుమతి లేకుండా ఇప్పుడు కామా కూడా కదపకూడదు.

"ఇంకొక్క లైను కలపాలండి. పలికింది ఎవరో చూడటానికి."

"రెండో లైనా?" ఆయన చుట్టూ చూసి తలుపు వేయబోయారు. తలుపు లేదు. గొంతు తగ్గించారు. "ప్రతిపాదన 'ఒక్క లైను' అన్న శీర్షికతో ఉన్నత స్థాయికి వెళ్లియున్నది. గురువారం పురస్కార ప్రదానం. ఆ తర్వాత మీరు ఎన్ని లైన్లైనా దరఖాస్తు చేసుకోవచ్చు."

"దాలమ్మ విచారణ మంగళవారం అండి."

"అది వేరే ఫైలు," అన్నారు.

మరొకడైతే గొడవపడేవాడు. నేను సీటుకు తిరిగి వచ్చాను. కనీసం ఆవిడ తరఫున ఒక ఆధారమైనా ఉంచుకుందామని దాలమ్మకు ఫోన్ చేసి, యంత్రం పోయాక నీటిమట్టం చూశావా అని అడిగాను.

"సూడకుండా ఎలగుంటాను బాబూ? నోటుబుక్కులో ఏసినాను. సెప్పమంటారా?" అంది.

నలభై ఒక్క రోజులు, రోజుకు మూడు. ఆ మధ్యాహ్నమంతా ఆవిడ చదువుతూ ఉంది, నేను రాసుకుంటూ ఉన్నాను. ఏటికి దిగువన పెదరేవు కేంద్రంలో యంత్రం బాగానే ఉంది. ఆ అంకెలు పక్కన పెట్టి చూశాను. గుమ్మిగూడలో నీరు పెరిగిన ప్రతిసారీ ఐదు గంటల తర్వాత పెదరేవులో పెరిగింది. తగ్గిన ప్రతిసారీ ఐదు గంటల తర్వాత తగ్గింది. నోటుబుక్కులో ఒక్క అంకె కూడా కల్పించింది కాదు. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. మంగళవారం దాన్ని బయటికి తీస్తే గురువారం నాకు పురస్కారం లేదు. ఈ మంగళ, గురువారాలు నన్ను ఎంత హింస పెట్టాయో చెప్పలేను.

మంగళవారం దాలమ్మ వచ్చింది. నలభై ఐదేళ్లు ఉంటాయి. తెల్లవారుజామున బస్సెక్కి వచ్చిందట. చేతిలో పాలిథిన్ కవరు, అందులో నోటుబుక్కు. టేబుల్‌కు అటువైపు డైరెక్టర్ గారు, భుజంగరావు గారు. పక్కగా సాంకేతిక సాక్షిగా నేను. ప్రదర్శన కోసం స్టోర్స్ నుంచి తెచ్చిన ఒక కేంద్ర యంత్రం టేబుల్ మధ్యలో ఉంది, నెట్‌వర్క్ వైరు తగిలించి.

"యంత్రం ప్రతి పది నిమిషాలకు పలుకుచుండగా, నీవు మాత్రం మౌనం వహించుటకు కారణమేమి?" అన్నారు భుజంగరావు గారు.

"అది ఇరిగిపోనాదని అప్పుడే సెప్పినాను బాబూ. ఒచ్చి సూసుకోండి. ముక్కలు గోనెలో కట్టి ఉంచినాను."

"విరిగిన యంత్రం జవాబు ఇవ్వజాలదు. ఇది ఇచ్చుచున్నది. ఉమాపతి గారూ, ధ్రువీకరించండి."

ఆ పూట నాలో ఎక్కడో మిగిలిన కాస్త సిగ్గు కదిలింది. లేచి వెళ్లి టేబుల్ మీద యంత్రం వైరు పీకేశాను. తెర మీద దాని బల్బు చూపించాను. పదినిమిషాలు ఆగాం. బల్బు పచ్చగానే ఉంది.

"చూడండి సార్. వైరు లేదు. అయినా పలికిందని అంటోంది. ఇప్పుడు పలికింది మన సర్వరే. ఆ యంత్రం దొరకలేదని అదే చెప్తోంది. మనల్ని మనమే అడిగి, మనమే జవాబు చెప్పుకుంటున్నాం."

డైరెక్టర్ గారి కళ్లు చెమర్చాయి. "ఉమాపతి గారూ, స్వావలంబన అంటే అదే కదండీ!" అన్నారు.

ఆయన వ్యంగ్యంగా అనలేదు. ఆయనకు వ్యంగ్యం రాదు. వైరు కూడా లేకుండా పనిచేసే వ్యవస్థ దేశంలో ఇంకెక్కడా లేదని, దీన్ని మినిట్స్‌లో రాయమని చెప్పారు.

భుజంగరావు గారు కాస్త ఆచరణ తెలిసిన మనిషి. ఆయన మధ్యేమార్గం కనిపెట్టారు. యంత్రం సజీవం, అందులో సందేహం లేదు. రీడరు కూడా ఎదురుగా సజీవంగానే ఉంది. ఇద్దరూ ఉండగా అంకెలు రాలేదంటే లోపం మూడో వ్యక్తిది కావాలి. ఆ వ్యక్తి నది. ఆ నలభై ఒక్క రోజులు గుమ్మిగూడ వద్ద నీటిమట్టం లేదు.

"అనగా, నది సహకరించలేదు," అన్నారు. "ఈ మేరకు దాలమ్మ సంతకం చేసిన పక్షంలో, ఆమెపై చర్యలు ఉపసంహరించవచ్చును."

కాగితం తయారైంది. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఆవిడ ఉద్యోగం ఉంటుంది, నా పురస్కారం ఉంటుంది, జేబులో కాగితం జేబులోనే ఉంటుంది. నది ఎలాగూ మాట్లాడదు. పెన్ను మూత తీసి నేనే ఆవిడ చేతికి ఇచ్చాను. "పెట్టెయ్యమ్మా. అయిపోతుంది," అన్నాను.

దాలమ్మ నా చేత ఆ కాగితం చదివించుకుంది. పెన్ను టేబుల్ మీద పెట్టేసింది.

"నీరు నేదని నాను ఎలగ సంతకం ఎడతాను బాబూ? మొన్న శుక్రారం నా నడుం దాకా ఒచ్చినాది. కొలబద్ద పట్టుకుని నిలబడి సూసినాను."

"ఉద్యోగం పోతుంది," అన్నారు డైరెక్టర్ గారు, నిజంగానే బాధపడుతూ.

"పోతే పోనివ్వండి. సూసిందాన్ని సూడనేదని అనీసినాక, రేపు నాను ఒచ్చిందని సెప్తే ఎవులు నమ్ముతారు?"

నాకు ఒళ్లంతా వేడెక్కింది. సిగ్గుతోనే, ఇంకే పేరు పెట్టను. జేబులోంచి కాగితం తీసి టేబుల్ మీద పరిచాను. ఆవిడ నూట ఇరవై మూడు అంకెలు, పక్కన పెదరేవు అంకెలు. తప్పు నా లైనుదని, ధ్రువీకరణ సంతకం అబద్ధమని, ఆవిడ ఒక్క పూట కూడా పని మానలేదని గడగడా చెప్పేశాను. చెప్పి కూర్చున్నాను. నా జన్మలో నేను చేసిన ఒకే ఒక మంచి పని అది. అది ఎలా పరిణమించిందో వినండి.

డైరెక్టర్ గారు రెండు వరుసలనూ వేలితో పోలుస్తూ పోయారు. ముఖంలో వెలుగు వచ్చింది.

"అద్భుతం! అంటే పెదరేవు అంకె తెలిస్తే, గుమ్మిగూడ అంకె మనం ఇక్కడ కూర్చునే చెప్పవచ్చును."

"చెప్పొచ్చు సార్. కాని ఐదు గంటల తర్వాత. నీరు పైనుంచి కిందికి వస్తుంది కదండీ."

"ప్రవాహ దిశ అనేది క్షేత్రస్థాయి వివరం. ఖచ్చితత్వం ఎంత?"

"నూటికి తొంభై ఎనిమిది," అన్నాను. అడిగితే అంకె చెప్పడం నా వృత్తి రోగం.

ఆయన లేచి నిలబడ్డారు. దాలమ్మ మీద ఆరోపణలన్నీ నిరాధారమని, ఆమె విధినిర్వహణ ఆదర్శప్రాయమని ప్రకటించారు. ఆమె అంకెలు పెదరేవు నుంచి లభ్యమగుచున్నందున గుమ్మిగూడ పోస్టు ఒక పరాధీనత అని, దాన్ని ఆ క్షణం నుంచి రద్దు చేస్తున్నామని అదే ఊపిరిలో ప్రకటించారు. ఆవిడ నిర్దోషి అని నిరూపించడానికి నేను తెచ్చిన కాగితమే ఆవిడ అవసరం లేదని నిరూపించింది.

"కిందకి నీరొచ్చీసినాక, పైన ఎంతుండీదో తెలిసి ఏటి సేత్తారు బాబూ?" అని అడిగింది దాలమ్మ.

"అభిప్రాయం నమోదు చేయబడినది," అన్నారు భుజంగరావు గారు.

కారిడార్‌లో ఆవిడ వెనక పరిగెత్తాను. క్షమించమ్మా, నేను మంచికే చేశాను అన్నాను.

"నాకు తెలుసు బాబూ, మీరు మంచికే సేసినారు," అంది. "మీలాటోల్లు మంచి సేత్తానంటేనే నాకు బయ్యం." నోటుబుక్కు కవరులో పెట్టుకుని బస్టాండుకు వెళ్లిపోయింది.

గురువారం పురస్కారం ఇచ్చారు. తీసుకోకూడదు. తీసుకున్నాను. శాలువా కప్పుతుంటే తల కూడా వంచాను. ప్రశంసాపత్రంలో నా ఒక్క లైనుతో పాటు 'ఒక కేంద్రమును పూర్తిగా నిర్మూలించిన సూక్ష్మదృష్టి'ని కూడా మెచ్చుకున్నారు. ఆ నెల మా సంస్థ పరాధీనతల పట్టికలో సున్నా పడింది.

సెప్టెంబరు మూడో వారంలో వాయుగుండం పట్టింది. కొండల్లో రెండు రోజులు కుండపోత. మా గోడ మీద, రద్దయిన గుమ్మిగూడతో సహా, రెండు వందల పద్నాలుగు బల్బులూ పచ్చగా, ప్రశాంతంగా వెలుగుతున్నాయి. పన్నెండింటికి పెదరేవు అంకె వచ్చింది, ఆరు మీటర్లు. ప్రమాదపు గీత ఐదు. గుమ్మిగూడలో ఐదు గంటల కిందట ఎంత ఉండేదో మా ప్రోగ్రాము తొంభై ఎనిమిది శాతం ఖచ్చితత్వంతో వెంటనే లెక్కకట్టింది. పెదరేవు దగ్గర ఏటి ఇసుకలో కూరగాయ పాదులు వేసుకుని గుడిసెల్లో ఉండే కుటుంబాలు అరవై దాకా ఉన్నాయి. పెదరేవు గేజి రీడరు సింహాచలానికి ఫోన్ చేశాను.

"ఇసుకలో జనం? జనం ఎలా ఉన్నారు?" అని అరిచాను.

"ఇసకలో ఎవులున్నారు బాబూ?" అన్నాడు. "పొద్దున్న ఏడింటికే గుడిసిలు ఇప్పీసి, మేకల్నీ పిల్లల్నీ గట్టెక్కించీసినారు. దాలమ్మ ఆరున్నరకే ఫోన్ కొట్టీసినాది గద."

అందరూ బతికే ఉన్నారు. మమ్మల్ని ఎవరూ అడగలేదు, మా కోసం ఎవరూ ఆగలేదు. మేం రద్దు చేసిన మనిషి, ఏటి ఒడ్డున నిలబడి కొలబద్ద చూసి, నేరుగా వాళ్లకే చెప్పింది. నార్వే ఆయన్ని నేను తీసేసినట్టు, వాళ్లు మమ్మల్ని తీసేశారు. తేడా ఏమిటంటే వాళ్లది పనిచేసింది.

దాలమ్మకు ఫోన్ చేశాను. అటువైపు వాన హోరు.

"ఉమాపతిని. విశాఖపట్నం నుంచి."

"ఆఁ, సెప్పండి బాబూ."

"ఉద్యోగం లేకపోయినా చూస్తున్నావా అమ్మా?"

"ఉద్యోగం నేదని ఏరు రాడం మానీదు గద. ఇరవై రెండు నంబర్లున్నాయి నా కాడ. పడవోడు, బడి మేస్టారు, పాదులోల్లు. నాను ఆల్లకి సెప్తాను. ఆల్లు ఒక్కొక్కలు పదేసి మందికి సెప్తారు."

నాకు ఏదో ఆశ పుట్టింది. ఈసారి ఏ మీటింగు లేదు, నన్ను చూసేవాళ్లూ లేరు. "నా నంబరు కూడా రాసుకోమ్మా. నాకూ చెప్పు," అన్నాను.

"రాసుకుంతాను. మీరు ఎవులికి సెప్తారు?"

ఆలోచించాను. డైరెక్టర్ గారు ఫోన్‌లో వచ్చిన అంకె తీసుకోరు. భుజంగరావు గారికి దరఖాస్తు కావాలి. సుగుణకు చెప్తే ఆవిడ గోడ వైపు చూస్తుంది. గేజి రీడర్లు కాకుండా ఏటి ఒడ్డున ఉన్న మనిషి ఒక్కడి పేరైనా, ఒక్క నంబరైనా నా దగ్గర ఉందా అని వెతుక్కున్నాను. ఇరవై రెండేళ్లుగా నేను సమాచార సంస్థలో పనిచేస్తున్నాను.

"సెప్పండి బాబూ," అంది దాలమ్మ. "వినీసి ఊరుకునీవోల్ల పేర్లు నాను రాసుకోను."